ద్వాదశి అతిథి

ఏ ఇంట్లో ఏ కష్టమొచ్చినా, మాటలు వినే ఇంటి గోడకు చెబితే చాలు, విశ్వవిద్యాలయమే తీర్చిపెట్టే కాలం అది. రామచంద్రపురంలో విస్సన్నగారి బావినీళ్లలో ఉప్పు పోయింది, మోకాళ్ల నొప్పులూ పోయాయి. ఒకరి సాయం ఒకరికి అక్కర్లేక ఇరుగుపొరుగు రాకపోకలూ పోయాయి.

ఏకాదశి ఉపవాసముండే విస్సన్నగారు, ద్వాదశినాడు అతిథికి పెట్టకుండా తాను ముద్ద ముట్టరు. ఆ ఉదయం వీధంతా తిరిగి పిలిచినా ఎవరూ తలుపు తీయలేదు. చివరికి గోడకే చెప్పుకున్నారు.

"నాతో కూర్చుని తినే మనిషి లేడయ్యా."

కాసేపట్లోనే ఐదు శాఖల నుంచి ఐదుగురు పరిశోధకులు దిగారు. ఒకరు నాడి పట్టుకున్నారు, ఒకరు ఇల్లు కొలిచారు, ఒకరు ఆయన నిట్టూర్పులు లెక్కపెట్టారు. విస్సన్నగారు సంబరంగా ఆరు విస్తళ్లు వేసి అవిసాకు కూర వడ్డించారు.

"కూర్చోండి నాయనా, ద్వాదశి గడియలు దాటిపోతున్నాయి."

"మేం తినకూడదు తాతగారూ," అంది వాళ్లలో చిన్నమ్మాయి, నొచ్చుకుంటూ. "మేం తింటే మీ ఒంటరితనం కొలతలు మారిపోతాయండి."

"మారాలనే కదమ్మా పిలిచాను!"

ఆ అమ్మాయి ఒక్క క్షణం విస్తరి వైపు చూసింది. తర్వాత ఆ మాట కూడా రాసుకుంది.

దారిన పోయేవాళ్లెవరైనా కనబడతారేమోనని విస్సన్నగారు వాకిట్లోకి వెళ్లి నిలబడ్డారు.