కూత ఆగిన చోటు

"మల్లొక్కపారి పెట్టు సారూ," అంది భద్రమ్మ.

రాంచందర్ ఫోన్‌లో వీడియో మళ్లీ నడిపించాడు. జిల్లాలో జీతాలిచ్చి ఆడించిన మొదటి కబడ్డీ లీగ్ అది. ఆ సీజన్‌లోని గొప్ప ఘట్టాలను రేపు హుజూర్‌నగర్‌లో తెర మీద చూపిస్తారు. అన్నిటికన్నా చివరిది ఆమె కొడుకు సైదులుది. ఆరుగురు మీదపడి అదిమినా అతని చెయ్యి మధ్యగీత దాటింది. జట్టు గెలిచింది. సైదులు మాత్రం లేవలేదు. ఊపిరాడక పోయాడన్నారు దవాఖానలో.

చూపించేముందు తల్లిని ఒక మాట అడగడానికి, ఆ రోజు అంపైరుగా ఉన్న రాంచందరే వచ్చాడు.

"నీ కొడుకు పేరు నిలవడ్తదమ్మా."

భద్రమ్మ ఈసారి వీడియో చూడటం లేదు. కళ్లు మూసుకుని ఫోన్‌ను చెవికి ఆనించుకుంది. జనం కేకల అడుగున కొడుకు కూత వెతుక్కుంటోంది.

"కబడ్డీ కబడ్డీ అనుకుంట వచ్చిండు. ఇగో, ఈడ ఆగింది. కూత ఆగినంక గదా చెయ్యి గీత దాటింది?"

రాంచందర్ తల దించుకున్నాడు. "నాకూ ఎరుకే అమ్మా. మన పిల్లగాడు, గీతకు జానెడు దూరంల ఉన్నడు. గెలవనీ అని ఈల ఊదలే."

"కూత ఆగితే ఊదాలె గదా?"

"ఊదాలె. అవుటయితడు."

"ఈల ఇంటె, మీద వడ్డోళ్లు ఏంజేస్తరు సారూ?"

"ఇడిసిపెట్టి లేస్తరు," అన్నాడు రాంచందర్.

అన్న తర్వాత గానీ ఆ మాట అతనికి వినపడలేదు.

ఫోన్‌లో జనమంతా ఈలలు వేస్తున్నారు.