సూదికి ముందు

సూది గుచ్చేముందు నేను ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాను. నర్సుగా చేరిన రోజు నుంచీ అలవాటు.

"ఆగు సిస్టరమ్మా!" మంచం మీది పెద్దాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మీవాళ్ళు మందుతోపాటు మతం కూడా ఎక్కిస్తారట. నా దగ్గర ఆ ప్రార్థనలు కుదరవు. పెద్ద డాక్టరుకు చెప్తాను."

ఇలాంటి ఫిర్యాదుతోనే పోయిన నెల పక్క వార్డు నర్సు ఉద్యోగం ఊడింది. మెడలోని సిలువను గబగబా కాలరు లోపలికి తోసేశాను. ఈసారి కళ్ళు మూసుకోకుండానే గుచ్చాను. నరం దొరకలేదు. రెండోసారీ తప్పింది. దూది ఎర్రబడింది.

"చెయ్యేంటమ్మా అలా వణుకుతోంది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"నాకు చిన్నప్పట్నుంచీ సూదంటే భయం తాతగారూ. కళ్ళు మూసుకుని దేవుణ్ణి అడిగేది మిమ్మల్ని మార్చమని కాదు, ఈ చెయ్యి వణక్కుండా చూడమని."

ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

ఆయన తన చేతికేసి చూసుకున్నాడు. నా చేతికంటే ఎక్కువ వణుకుతోంది అది.

"మూసుకో తల్లీ," అన్నాడు మెల్లగా చెయ్యి చాపుతూ. "నేనూ మూసుకుంటాను. ఇందాక నేను జడుసుకుంది మీ దేవుణ్ణి చూసి కాదు, ఆ సూదిని చూసి."