కార్డు పుణ్యం

ఆ దివాకర్ మొహం చూస్తే పాపం చుట్టుకుంటుందని ఆరు నెలలుగా తిట్టుకుంటున్న నరసింహులు, ఈ రోజు పొద్దున్నే అతని బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తాడిపత్రి పక్కన ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలో పనివాళ్ల ఇన్సూరెన్సు కార్డులు చూసేది దివాకరే. 2006లో కార్డు కోసం జీతంలో కోసేది రెండింతలైంది. అంతకుముందు ఆస్పత్రి ఖర్చంతా కట్టే కార్డు, ఆ ఏడు నుంచి నలభై వేలతో ఆగిపోయింది. పైదంతా మీరే పెట్టుకోవాలని చల్లగా చెప్పినవాడు దివాకరే. నరసింహులు భార్య ఉమాదేవి గుండె ఆపరేషనుకేమో లక్షా ఇరవై వేలైంది.

"అన్నా, మా ఇంటామె వస్తాండాది. నీకు దండం పెట్టల్లంట."

"నాకెందుకప్పా?"

"మొత్తం కార్డే కట్టిందని చెప్పినా. లేకుంటే ఆపరేషనుకు ఒప్పుకునేది కాదు."

"మరి ఆ ఎనభై వేలు యాడ తెస్తివి?"

నరసింహులు గొంతు తగ్గించాడు. "వాళ్ల నాయన పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను అమ్మేసినా. ఆ చేనంటే దానికి పానం. తెలిసిందంటే తట్టుకోలేదు. కుట్లు కూడా ఇంకా ఆరలేదన్నా."

దివాకర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ పొద్దు నా కాలరు పట్టుకుంటివి. ఈ పొద్దు గడ్డం పట్టుకుంటాండావే."

"కాళ్లు కూడా పట్టుకుంటా. ఆ ఒక్క మాట మాత్రం చెప్పొద్దు."

అంతలోనే ఉమాదేవి వచ్చింది. యాడికి అనే ఊరి నుంచి బస్సులో తెచ్చిన శనక్కాయల చిన్న మూట బల్ల పక్కన దించి, ఆయాసం తీరేదాకా గోడకు ఆనుకుంది.

"ఇవి పిల్లోళ్లకు పెట్టండి సార్. మీ పుణ్యాన బతికి బట్టకట్టినా."

ఆమె వెనక నుంచి నరసింహులు కళ్లతోనే బతిమాలాడు.

"నా పుణ్యమేముందమ్మా. అంతా కార్డే కట్టింది," అన్నాడు దివాకర్, మూట వైపు చూస్తూ.

"మా మీద ఒక్క రూపాయి కూడా పడలేదా సార్?"

"పడలేదమ్మా."

నరసింహులు ఊపిరి వదిలాడు. ఈ మనిషినా నేను ఇన్నాళ్లు తిట్టింది అనుకున్నాడు. చచ్చేదాకా ఇతని మేలు మరవకూడదనుకున్నాడు.

ఉమాదేవి ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వింది.

"మా ఆయన మాదిరే మీరూ మంచోళ్లు సార్. అబద్ధం ఆడేది ఇద్దరికీ చేతకాదు."

దివాకర్ కళ్లజోడు కోసం వెతుక్కున్నాడు.

"కార్డు కాయితమని చెప్పి ఈయన ఆస్పత్రిలో నాతో వేలిముద్ర వేయించినాడు. నాకు అచ్చరాలు రావు గానీ స్టాంపు కాయితం తెలీదా? మా నాయన చేను రాసిచ్చిన పొద్దు చూసిందే కదా."

"తెలిసి కూడా అడగలేదేమే?" అన్నాడు నరసింహులు.

"నాకూ బతకల్లని ఉండింది. నువ్వు బతికించల్లని చూస్తాంటివి. ఇంగేం అడిగేది?"

ఆమె మూటను వంగి రెండు చేతులతో దివాకర్ వైపు జరిపింది.

"మీ కార్డు కట్టినదానికి ఈ కాయలు సార్. మిగిలింది నా చేను కట్టింది, రెండెకరాల ముప్పై సెంట్లు."