ఎడమ గ్లాసు

"తొందరపడి నోట్లో పోసుకోకు నవోమీ. ముందు వాసన చూడు," అన్నాడు శ్యామ్‌సుందర్.

నవోమి గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ముక్కు చుర్రుమంది. అంతే! ఆ మంట తప్ప ఇంకేమీ తెలియలేదు.

న్యూజెర్సీలో సరుకుల రుచీ వాసనా పరీక్షించే ల్యాబ్ అది. శ్యామ్‌సుందర్ అక్కడ పెద్ద టేస్టర్. ఆయన మాటంటే కంపెనీలకు వేదవాక్కు. నవోమి ఆయన చేతికింద పనిచేస్తోంది. పోయిన నెలలో పట్టిన జలుబు తగ్గిందిగానీ, పోతూ పోతూ వాసన పసిగట్టే శక్తిని కాస్తా పట్టుకుపోయింది. పొయ్యిమీద పోపు మాడి బొగ్గయినా ఆమెకు తెలియలేదు. భర్త దైవాశీర్వాదానికి కూడా చెప్పలేదు. ఎలా చెబుతుంది? "మా ఆవిడ ముక్కు చలవతోనే మాకు గ్రీన్‌కార్డ్ రాబోతోంది" అని చర్చిలో అందరితోనూ గొప్పలు పోతుంటాడాయె! ముక్కు పోయిన టేస్టర్‌ని ఎవరు ఉంచుకుంటారు? ఉద్యోగం పోతే మూటాముల్లె సర్దుకోవడమే.

బల్లమీద రెండు గ్లాసులు. రెండింటిలోనూ చింతపండు పులుసు రంగు. షెర్రీ వైన్ పీపాల్లో పద్దెనిమిదేళ్లు మాగిన సింగిల్ మాల్ట్ స్కాచ్ అంటూ ఇద్దరు డీలర్లు పంపిన శాంపిల్స్ అవి. ఒకటి అసలు, ఒకటి కల్తీ అని కొనేవాళ్ల అనుమానం. ఏది అసలో తేల్చి సాయంత్రంలోగా ఫోన్ చెయ్యాలి.

"ఏం తెలుస్తోందమ్మా?"

"ఎండుద్రాక్ష సార్. నారింజ తొక్క, కాస్త లవంగం," అంది నవోమి. షెర్రీ పీపాలో మాగినదేదైనా అలాగే ఉంటుందని చదివిన చదువు అప్పచెప్పింది.

"ఊఁ. రెండు చుక్కలు నీళ్లు కలుపు. అప్పుడు ఇంకా విచ్చుకుంటుంది."

కలిపింది. పుక్కిలించి పక్కనున్న కప్పులో ఉమ్మేసింది. కాస్త తీపి, కాస్త చేదు. రెండూ ఒక్కలాగే ఏడ్చాయి! ప్రభువా, ఈ గండం గట్టెక్కించు అనుకుంది.

శ్యామ్‌సుందర్ ఆమె ముఖంలోకే కన్నార్పకుండా చూస్తున్నాడు. కనిపెట్టేశాడేమో!

"మరోసారి ఇద్దరం కలిసి చూద్దాం," అన్నాడు.

కుడి గ్లాసు వాసన చూశారు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఎడమ గ్లాసు ఎత్తారు. ఆయన కనుబొమ్మ రవంత పైకి లేచింది. అంతే, నవోమికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడే ఏదో కమ్మని వాసన తగిలినట్టు కళ్లు మూసుకుని చిరునవ్వు నవ్వింది.

"ఎడమది," అన్నాడాయన.

"ఎడమదే సార్!"

ఆయన అక్కడికక్కడే ఫోన్ తీసి, ఎడమ గ్లాసు సరుకు అసలైనదనీ, ధైర్యంగా కొనుక్కోవచ్చనీ చెప్పేశాడు. తరవాత తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"నవోమీ, నేను జాబ్ మానేస్తున్నా. నా సీట్‌కి నిన్నే రికమెండ్ చేశాను."

సంతోషించాల్సింది పోయి నవోమి బిక్కచచ్చిపోయింది. రేపటినుంచి ఎవరి ముఖం చూసి చెబుతుంది? ఇంక దాచలేననుకుంది.

"సార్, మీకొక మాట చెప్పాలి..."

"తర్వాత చెబుదువుగానీ, ముందు నన్ను చెప్పనీ. నా ముక్కు పనిచెయ్యక ఏడాది దాటిందమ్మా."

నవోమి చటుక్కున ఎడమ గ్లాసువైపు చూసింది.

"మరి... ఎడమదని ఎలా చెప్పారు సార్?"

"నీ ముఖం చూసి," అన్నాడాయన.