మూలం దొరకలేదు

ఇప్పుడు ఎవరి కాగితాలూ విడిగా ఉండవు, కంప్యూటర్లో ఒకరి ఫైలు ఇంకొకరి ఫైలుతో ముడిపడి ఉంటుంది. నా ఫైల్లో "ఆపరేషన్‌కు సంతకం చేసేవారు" అన్నచోట మా అక్క హైమవతి పేరు నేను టైపు చేసింది కాదు. అక్క ఒప్పుకుని తన ఫైల్లో గుర్తు పెడితే, అక్కడినుంచి వచ్చి చేరింది. అలాంటి లింకులు తెగితే అతికించే షాపు తెనాలిలో నాదే.

ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి తెర నావైపు తిప్పింది. అక్క పేరుండాల్సిన చోట "మూలం దొరకలేదు" అని ఉంది.

"రేపే మీ ఆపరేషన్ కదండీ. సంతకానికి ఎవరో ఒకరుండాలి," అంది.

షాపుకొచ్చి కూర్చున్నాను. ముందు రిఫ్రెష్ చేశాను. అక్క ఫైలు చోటు మారిందేమో చూశాను, మారలేదు. పేరు మారిందేమో చూశాను, అదీ లేదు. ఇక మిగిలింది ఒక్కటే, ఆ గుర్తును ఎవరో చేత్తో తీసెయ్యడం.

అక్కకు ఫోన్ చేశాను.

"ఏదో తెగుంటుందిలేవే. నీకు చేతనైన పనేగా, చూసుకో," అంది.

గుర్తు దానంతటదే పోదు. పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్న నాకా చెప్పేది?

అక్క ఫైలు మార్పుల చరిత్ర తెరిచాను. తీసేసింది అక్కే, శుక్రవారం పదకొండు ఇరవైకి. ఆరోజు షాపుకి గోంగూర పచ్చడి పట్టుకొచ్చి, "నేనున్నాగా, భయమెందుకే" అంటూ నా కుర్చీలోనే కూర్చుంది. ఏ కంప్యూటర్ నుంచి తీసేశారో కూడా అందులో ఉంది. అది నాదే.

నేను తనకోసం టీ తేవడానికి వెళ్ళినప్పుడు.