ఒకే ఒక్క స్టార్

మేం తయారుచేసిన మాట్లాడే అలారం గడియారానికి నలభై రివ్యూలొచ్చాయి. ముప్పై తొమ్మిదింటికి ఐదేసి స్టార్లు, ఒకదానికి ఒక్కటే. రెండువేల పీసుల ఆర్డరు ఖాయమయ్యే ముందురోజే అది పడింది.

"దీని నీలం లైటు రాత్రంతా కళ్లలో పొడుస్తోంది. నల్లగుడ్డ అంటించాను. ఆపే బటన్ చీకట్లో దొరకదు."

"పోటీ కంపెనీవాడి పనే," అన్నాడు నా పార్ట్‌నర్. "మామూలువాళ్లు ఇంత వివరంగా ఎక్కడ రాస్తారు? దొంగ రివ్యూ అని ఫిర్యాదు చేసి తీయించేస్తాను."

నాకూ అదే అనుమానం. సరేనని చెప్పి, కుట్టడానికిచ్చిన బట్టల కోసం మేనత్త ఇంటికి వెళ్లాను. ఆమె మంచం పక్కన మా గడియారం. దాని లైటు మీద నల్లగుడ్డ ముక్క.

"నువ్వా అత్తా! సొంత మేనకోడలి నోట్లో మట్టి కొడతావా?"

"ఉన్నమాటంటే ఉలుకెందుకే? డబ్బిచ్చి కొన్నాను, రోజూ వాడుతున్నాను," అంది అత్త, కత్తెర ఆపకుండానే. "ఐదు స్టార్లు గుద్దినవాళ్లంతా మన చుట్టాలూ, నీ స్నేహితులేగా. ఇల్లిల్లూ తిరిగి చూడు, ఒక్కరైనా పెట్టె సీలు విప్పారేమో!"

నేను నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది.

"తీసేశారు!" పార్ట్‌నర్ గొంతు గంతులేస్తోంది. "ఇక మనకున్నవన్నీ ఐదు స్టార్లే!"