గీత పడని రైలు

రైలు ఇంజన్ని తిరగేసి చూసింది టీచరమ్మ. చక్రాలు చూసింది, పొగగొట్టం చూసింది, వెనకున్న నాలుగు పెట్టెల కొక్కేలూ వేలితో తడిమి చూసింది.

“ఒక్క గీత కూడా పడలేదే!”

“జాగ్రత్తగా చూసుకున్నాం టీచర్,” అన్నాడు బల్లకు అవతల చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి.

ఆ మాటకే ఆవిడకు ఒళ్లు మండింది.

ముప్ఫై ఏళ్లు పసిపిల్లల తరగతికి పాఠాలు చెప్పి, బడి మూతపడ్డాక ఇంటి ముందుగదిలో ఈ బొమ్మల లైబ్రరీ పెట్టిందావిడ. పుస్తకాల్లాగే బొమ్మని వారం రోజులు ఇంటికి తీసుకెళ్లొచ్చు. విరిగినా పోయినా పల్లెత్తు మాట అనదు. “చెవి ఊడిందా? అయితే బాగా ఆడారన్నమాట,” అని నవ్వి ఆ చెవి తనే కుట్టుకుంటుంది. తిరిగొచ్చిన బొమ్మని చూసి ఏ ఇంట్లో పిల్లాడికి పళ్లొస్తున్నాయో, ఏ ఇంట్లో చెల్లెలు పుట్టిందో ఇట్టే చెప్పేస్తుంది.

ఈ మనిషి బొమ్మ మాత్రం వెళ్లింది వెళ్లినట్టే తిరిగొస్తోంది. ఎనిమిది శనివారాలుగా ఇదే వరస, ప్రతిసారీ ఇదే కొయ్య రైలు. మొదటిరోజు కార్డు రాస్తూ పిల్లాడి వయసెంతని అడిగితే, కాసేపు ఆలోచించి “నాలుగు” అన్నాడు. కన్నబిడ్డ వయసుకి అంత ఆలోచనా అని అప్పుడే అనుకుంది. మనసులో అతనికి ‘ఇస్త్రీ చొక్కా’ అని పేరు కూడా పెట్టుకుంది. నాలుగేళ్ల పిల్లాడు ఇల్లు పీకి పందిరేస్తుంటే, మరకా ముడతా లేని చొక్కాతో గడప దాటిన తండ్రిని ఆవిడ ఇంతవరకు చూడలేదు.

“కూర్చోండి.”

కుర్చీ అంచున కూర్చున్నాడు.

“మీవాడు అసలు ఆడుతున్నాడా?”

“ముందు పెట్టుకుని కూర్చుంటాడు టీచర్.”

“కూర్చుని?”

“చూస్తాడు.”

“ముట్టుకోడా?”

“భయం. తిడతారని.”

“ఎవరు తిట్టారు?”

ఇస్త్రీ చొక్కా తల వంచుకున్నాడు. ఎవరో చెప్పక్కర్లేదు, ఆవిడకు అర్థమైపోయింది.

“చూడండి, ఈ వయసులో ఆటే చదువు. పట్టాలు తప్పిన రైలుని మళ్లీ నిలబెట్టడం, పక్కవాడు పెట్టె లాక్కుంటే బతిమాలి తెచ్చుకోవడం, కుర్చీ కిందికి పోనిచ్చి సొరంగం అనుకోవడం... ఇవి పలక మీద దిద్దిస్తే వచ్చేవి కావు. ముందు బుద్ధిగా కూర్చోనీ, తర్వాత ఆడుకుంటాడులే అనుకుంటాం. ఆ తర్వాత అనేది రాదు.”

“రాదు టీచర్.”

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆవిడకు కోపం పోయి దుఃఖం వచ్చింది. రైలు డబ్బా అతని ముందుకు తోసింది.

“ఈ మూత మీద బొమ్మలో ఎన్ని పెట్టెలున్నాయి?”

“ఐదు.”

“మా తరగతిలో అద్దాల బీరువా ఉండేది. శనివారం శనివారం తలుపు తీసి బొమ్మలన్నీ నేల మీద పోసేదాన్ని. ఓసారి సర్దుతుంటే ఈ రైలు ఐదో పెట్టె కనపడలేదు. విరిగినా పోయినా పైవాళ్లకి జవాబు చెప్పుకోవాల్సింది నేనే కదా! నలభై మంది జేబులూ వెతికాను. ఎవరు తీశారో చెప్పేదాకా బీరువా తెరవనని తాళం వేశాను. అందర్నీ చేతులు కట్టుకుని కూర్చోమన్నాను.”

“ఎవరూ చెప్పలేదా?”

“ఎలా చెబుతారు? పసిపిల్లలు! పంతం వాళ్లకేం తెలుసు, నాకు గానీ. ఆ ఏడాదే కాదండీ, బడి మూసేదాకా ఇరవై రెండేళ్లు తెరవలేదు. ఏడాదికో నలభై మంది వచ్చేవాళ్లు, అద్దానికి ముక్కులు ఆనించి చూసి వెళ్లిపోయేవాళ్లు. రోజూ సాయంత్రం ఆ ముక్కుల మరకలు నేనే తుడిచేదాన్ని.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ బీరువాని బొమ్మలతో సహా అడిగి ఇంటికి తెచ్చుకుని తలుపులు ఊడబీకించింది. ఇప్పుడు ఏ బొమ్మకీ అడ్డం లేదు, అప్పటి పిల్లలే లేరు.

“తప్పు ఆ పెట్టె తీసినవాడిది కాదు, నాది,” అంది కళ్లు తుడుచుకుంటూ. “నేను చేసిందే మీరూ చేయకండి. ఈ వారం రైలు ఇవ్వను. వచ్చే శనివారం పిల్లాణ్ణి తీసుకురండి. నా కళ్లముందు ఆడాలి.”

ఇస్త్రీ చొక్కా ఆవిడవైపు సూటిగా చూశాడు. ఎనిమిది వారాల్లో అలా చూడటం అదే మొదటిసారి.

“తీసుకొస్తాను టీచర్,” అన్నాడు.

శనివారం ఆవిడ బల్ల పక్కకి జరిపి, చాప పరిచి, రైలుని నడిమధ్యన పెట్టింది. అద్దంలో చూసుకుని, పిల్లాడు జడుసుకోకుండా కళ్లజోడు కూడా తీసి పక్కన పెట్టింది. చెప్పిన వేళకే తలుపు చప్పుడైంది.

అతను ఒక్కడే వచ్చాడు. ఈసారి చొక్కాకి ఇస్త్రీ లేదు.

“పిల్లాడేడీ?” అంది. అతను వంగి చెప్పులు విడుస్తున్నాడు. “బాబూ, వాడు... బాగానే ఉన్నాడు కదా?”

“ఉన్నాడు టీచర్. తీసుకొచ్చాను.”

ఆవిడ గబగబా గుమ్మం దాకా వెళ్లింది. వీధిలో ఎవరూ లేరు. మెట్టు మీద ఒక జత చెప్పులే ఉన్నాయి, పెద్దవి.

వెనక్కి తిరిగేసరికి అతను చాప మీద రైలు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కట్టుకున్న చేతులు విడదీసి, జేబులోకి పోనిచ్చి, గుప్పిట బయటికి తీశాడు.

నాలుగో పెట్టె కొక్కేనికి ఐదో పెట్టె తగిలించాడు.